వృత్తి మరవని కణితి

2018 మార్చిలో నటుడు ఇర్ఫాన్ ఖాన్ తనకు న్యూరోఎండోక్రైన్ ట్యూమర్ ఉన్నట్టు ప్రకటించారు. ‘సైనికుడు’ సినిమాలో మహేశ్‌బాబుకు ఎదురు నిలిచిన విలన్‌గా తెలుగువాళ్లకూ బాగా తెలిసిన ముఖమది. పేరులో ‘న్యూరో’ కనబడగానే చాలామంది మెదడులో గడ్డ అనేసుకున్నారు. న్యూరో అన్న ప్రతిదీ మెదడుకు చెందింది కాదని ఆయనే చెప్పుకోవాల్సి వచ్చింది.

అంతకు ముందు ఆపిల్ సంస్థ అధిపతి స్టీవ్ జాబ్స్ విషయంలో ఇంకో గందరగోళం. 2003 అక్టోబరులో ఆయన క్లోమగ్రంథిలో కణితి బయటపడింది. క్లోమం క్యాన్సరంటే చాలామందికి ఏడాది కూడా దక్కదు. ఆయన 2011 అక్టోబరు 5 దాకా బతికారు. మధ్యలో ఐఫోన్ తెచ్చారు, ఐప్యాడ్ తెచ్చారు. ఆయనది మామూలు క్లోమం క్యాన్సర్ కాదు. ఇర్ఫాన్‌కు వచ్చిన కణితి ఏ కుటుంబానిదో అదీ ఆ కుటుంబానిదే.

మెదడుది కాకపోతే ‘న్యూరో’ ఎందుకు? క్యాన్సరే అయితే అంత నెమ్మది ఎందుకు? చదివినవాళ్లూ అడిగే ఈ రెండు ప్రశ్నలకు జవాబు పేగు గోడలోనే ఉంది.

పేగు గోడలో దండోరా

మీరు అన్నం ముద్ద మింగారు. అది పొట్టలో నలిగి చిన్నపేగులోకి దిగింది. ఆ సంగతి క్లోమానికి ఎవరు చెప్పాలి? పిత్తాశయానికి ఎవరు చెప్పాలి? నరాలే చెబుతాయని వెనక అనుకునేవారు. 1902లో లండన్‌లో బేలిస్, స్టార్లింగ్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు పేగుకు వెళ్లే నరాలను కోసేసి చూశారు. అయినా కబురు అందింది. పేగు గోడ నుంచి ఏదో పదార్థం నెత్తురులో కలిసి క్లోమం దాకా పోయి దాన్ని పని చేయించింది. ఆ పదార్థానికి సెక్రెటిన్ అని పేరు పెట్టారు. హార్మోన్ అన్న మాట పుట్టింది ఆ తర్వాతే, 1905లో.

పాత రోజుల్లో ఊళ్లో దండోరా వేసేవాడు ఎవరి ఇంటి తలుపూ తట్టేవాడు కాదు. వీధి వెంట చాటుకుంటూ పోయేవాడు. కబురు అందరి చెవినా పడుతుంది, సంబంధించినవాళ్లే కదులుతారు. హార్మోన్ చేసేదీ ఇదే. నెత్తురు వీధి, ఏదో అవయవం ఆ కబురుకు కదిలే ఇల్లు.

దండోరా వేసే కణాలు పేగు లోపలి పొరలో నూటికి ఒకటి చొప్పున చెదిరి ఉంటాయి. పన్నెండు రకాలకు పైనే. ఒకటి ఆమ్లం ఊరించమంటుంది, ఒకటి పిత్తం వదలమంటుంది, ఒకటి ఆకలి తీరిందంటుంది. ఒంట్లో ఉన్న సెరటోనిన్‌లో పదింట తొమ్మిది వంతులు ఉండేది పేగులోనే. మెదడుకు సంబంధించిన రసాయనంగా మనం వినే మాట అది! క్లోమంలో ఇన్సులిన్ తయారుచేసే కణాలూ ఈ బంధువర్గంలోవే.

ఈ కణాలు తమ రసాయనాన్ని సన్నటి సంచుల్లో మూటకట్టి ఉంచుకుంటాయి. సమయం రాగానే మూట విప్పుతాయి. నరాల కణాలూ అచ్చం ఇలాగే మూటలు కడతాయి. ఈ పోలిక చూసి, ఇవి పిండదశలో నాడీకణజాలం నుంచి వలస వచ్చాయని ఒకప్పుడు నమ్మారు. ఫ్రాన్సులో నికోల్ ల దువారాఁ అనే శాస్త్రజ్ఞురాలు ఆ తగువు తీర్చారు. క్వెయిల్ పిట్ట పిండంలోని నాడీకణజాలాన్ని కోడి పిండంలో అతికించి, అవి ఎక్కడెక్కడికి పోతాయో చూశారు. మైక్రోస్కోపులో క్వెయిల్ కణాల గుర్తు వేరేగా కనబడుతుంది. పేగులోని నరాలు క్వెయిల్‌వి, దండోరా కణాలు మాత్రం కోడివి! అంటే అవి పేగులోనే పుట్టిన బిడ్డలు. నరాల పోలిక మాత్రం మిగిలింది, దాంతో పాటు ‘న్యూరో’ అన్న ఇంటిపేరూ మిగిలింది. తెలుగులో వీటిని నాడీగ్రంథి కణాలందాం. వీటిలో పుట్టే గడ్డ నాడీగ్రంథి కణితి. డాక్టర్ల చీటీల మీద దాని పొట్టిపేరు ‘నెట్’.

పేరు పెట్టినవాడే దిద్దుకున్నాడు

1907లో మ్యూనిక్ నగరంలో జీగ్‌ఫ్రీడ్ ఓబెర్న్‌డోర్ఫర్ అనే రోగనిర్ధారణ నిపుణుడు చిన్నపేగుల్లో కొన్ని వింత గడ్డలు చూశారు. చూపుకు క్యాన్సర్ లాగే ఉన్నాయి, నడత మాత్రం అలా లేదు. చిన్నవి, నిమ్మళమైనవి. క్యాన్సర్ లాంటిదే గానీ క్యాన్సర్ కాదన్న అర్థంలో ‘కార్సినోయిడ్’ అని పేరు పెట్టారు. ఆ పేరు వైద్యలోకానికి ధైర్యమిచ్చింది, ఏమరుపాటూ ఇచ్చింది. 1929లో మరిన్ని కణితులు చూశాక ఓబెర్న్‌డోర్ఫర్ తన మాటను తానే సవరించుకున్నారు: ఇవి ప్రాణాంతకం కావచ్చు, పాకనూవచ్చు. యూదుడు కావడంతో 1933లో నాజీలు ఆయన్ను కొలువు నుంచి తీసేశారు. ఇస్తాంబుల్ చేరి, 1944లో అక్కడే కన్నుమూశారు. సవరణ కంటే పాతపేరే ఎక్కువకాలం బతికింది. ‘అది క్యాన్సర్ కాదులే’ అన్న మాట నిన్నమొన్నటి దాకా వినబడేది.

ఇప్పటి అవగాహన ఇది: నెమ్మదైనదైనా పాకే శక్తి ఉన్నదే. నెమ్మది వేరు, నిరపాయం వేరు.

ఈ కణితిని అర్థం చేసుకోవడానికి ఒక్క సూత్రం చాలు. మామూలు క్యాన్సర్ కణం దారి తప్పాక తన పని చాలావరకు మరిచిపోతుంది, పెరగడమే దాని పని. నాడీగ్రంథి కణితి దారి తప్పినా చేతివృత్తి మరవదు. సంచులు కడుతూనే ఉంటుంది, చాలాసార్లు దండోరా వేస్తూనే ఉంటుంది, ఎవరి మాట వినడం అలవాటో వారి మాట వింటూనే ఉంటుంది. ఆ అలవాట్లే దాన్ని పట్టిస్తాయి. వైద్యానికి దారి చూపేవీ అవే.

అరిచే కణితులు, అరవని కణితులు

ముందు దండోరా అలవాటు చూద్దాం. వేళాపాళా లేకుండా వేస్తే ఏమవుతుంది?

క్లోమంలో ఇన్సులిన్ కణితి ఉందనుకోండి. తెల్లవారుజామున, కడుపు ఖాళీగా ఉన్నప్పుడు కూడా అది ఇన్సులిన్ వదులుతూనే ఉంటుంది. నెత్తుటిలో చక్కెర పడిపోతుంది. మనిషి పరాకుగా మాట్లాడతాడు, చెమటలు పోస్తాయి, ఒక్కోసారి మూర్ఛ వస్తుంది. పంచదార నోట్లో వేస్తే తేరుకుంటాడు. మూర్ఛరోగమనీ మనోవ్యాధి అనీ ఏళ్ల తరబడి మందులు మింగినవాళ్లున్నారు. అమెరికన్ సర్జన్ అలెన్ విపుల్ మూడు గుర్తులు చెప్పారు: కడుపు ఖాళీగా ఉన్నప్పుడు లక్షణాలు రావడం, ఆ క్షణాన చక్కెర తక్కువగా ఉండటం, గ్లూకోజ్ ఇవ్వగానే తగ్గడం. నేటికీ ఆసుపత్రిలో 72 గంటల దాకా ఉపవాసం ఉంచి, నర్సు పక్కనే ఉండగా ఈ మూడే వెతుకుతారు. ఈ గడ్డలు ఎక్కువగా రెండు సెంటీమీటర్ల లోపువి. తీసేస్తే చాలామందికి జబ్బు అక్కడితో సరి.

ఆమ్లం ఊరించే గ్యాస్ట్రిన్ కణితిది మరో కథ. ఎన్ని మందులు వాడినా అల్సర్లు తిరగబెడుతుంటాయి. అమెరికన్ సర్జన్లు జోలింజర్, ఎలిసన్ 1955లో ఇద్దరు స్త్రీలలో ఈ జబ్బును వర్ణించారు. వాళ్ల పేర్లే దానికి స్థిరపడ్డాయి.

చిన్నపేగు కణితులు వదిలేది సెరటోనిన్. పేగు నుంచి బయలుదేరిన నెత్తురు ముందు కాలేయం అనే చెక్‌పోస్టు దాటాలి. అక్కడ సెరటోనిన్‌ను విరగ్గొట్టేస్తారు కాబట్టి రోగికి ఏమీ తెలియదు. కణితి పిలకలు కాలేయంలోకే చేరాయో, సరుకు చెక్‌పోస్టు దాటి బయటపడుతుంది. అప్పుడు మొహం ఉన్నట్టుండి జేవురిస్తుంది, నీళ్ల విరేచనాలవుతాయి, పిల్లికూతల ఆయాసం వస్తుంది. కార్సినోయిడ్ సిండ్రోమ్ ఇదే. నడివయసు స్త్రీ అయితే ముట్లుడిగే దశ అంటారు. విరేచనాలైతే పేగుల బలహీనత అంటారు, ఆయాసమైతే ఆస్తమా అంటారు. ముగ్గురు డాక్టర్లు మూడు ముక్కలుగా చూస్తే జబ్బు కనబడదు. ఏళ్లు గడిచేకొద్దీ గుండె కుడివైపు కవాటాలు బిగుసుకుపోతాయి. ఎడమవైపు చాలావరకు తప్పించుకుంటుంది, దారిలో ఊపిరితిత్తులు ఆ రసాయనాన్ని వడగడతాయి మరి.

ఇంకో చిక్కూ ఉంది. సెరటోనిన్‌కు ముడిసరుకు ట్రిప్టోఫాన్, మనం తిన్న మాంసకృత్తుల్లోది. ఒంట్లో నియాసిన్ విటమిన్ తయారీకీ అదే కావాలి. కణితి ముడిసరుకంతా లాగేసుకుంటే విటమిన్ కరువై పెల్లాగ్రా వస్తుంది. ఎండ తగిలే చోట చర్మం నల్లబడి పొలుసులూడే జబ్బు. దక్కను పీఠభూమిలో జొన్నే తినేవాళ్లలో కనిపించిన పెల్లాగ్రాపై 1960ల్లో హైదరాబాద్‌లోని పోషకాహార పరిశోధనాలయంలో సి. గోపాలన్ బృందం పనిచేసింది. అక్కడ తిండిలో లోటు, ఇక్కడ ఇంటిదొంగ. చివరికి చర్మం మీద పడే మచ్చ ఒకటే.

అన్నీ అరవవు. ఎక్కువ కణితులు మౌనమే. అపెండిసైటిస్ అని కోసి తీసిన ముక్కలోనో, కొలొనోస్కోపీ చేస్తుంటే పురీషనాళంలోనో, మరెందుకో తీసిన స్కానింగ్‌లోనో అనుకోకుండా కనబడతాయి. అమెరికా లెక్కల్లో 1973లో లక్షకు 1.09 చొప్పున కొత్త కేసులు, 2012లో 6.98. జబ్బు పెరగడం కంటే చూసే కళ్లు పెరగడమే ఇందులో ఎక్కువ.

మూట గుడ్డ, వేగం లెక్క

అరవని కణితి కూడా సంచులు కడుతుంది. ఆ సంచుల్లో ఉండే ప్రోటీన్లలో ఒకటి క్రోమోగ్రానిన్. ముక్క తీసి పరీక్షకు పంపినప్పుడు రంగులద్ది దీన్నీ, నరాల సంచుల్లోనూ ఉండే సినాప్టోఫైసిన్‌నూ వెతుకుతారు. రెండూ కనబడితే కణితి ఏ పేరు చెప్పుకున్నా దాని వృత్తి ఏమిటో తెలిసిపోతుంది.

క్రోమోగ్రానిన్‌ను నెత్తురులోనూ కొలుస్తారు. కానీ ఇక్కడ మన ఇళ్లలో ఒక మెలిక. పాంటప్రజోల్, ఒమెప్రజోల్ లాంటి గ్యాస్ మాత్రలు రోజూ పరగడుపున వేసుకునేవాళ్లలో కణితి లేకపోయినా ఈ అంకె పెరుగుతుంది. కిడ్నీలు దెబ్బతిన్నా పెరుగుతుంది. అంకె చూసి గుండె జారిపోకముందు ఏ మాత్రలు వాడుతున్నారో డాక్టరుకు చెప్పాలి. వాటిని ఆపాలా వద్దా అన్నది ఆయన తేల్చాలి. సెరటోనిన్ శిథిలాలను 24 గంటల మూత్రంలో కొలిచే పరీక్షకు ముందు కూడా అరటిపండు, అనాస, టమాటా, వంకాయ మానేయమంటారు. వాటిలోనూ సెరటోనిన్ ఉంటుంది.

పేరు తేలాక అడగాల్సింది వేగం. ముక్కలో కనీసం 500 కణాలు లెక్కబెట్టి, విభజనకు సిద్ధమైనవి నూటికి ఎన్నో చూస్తారు. ఆ కణాలను పట్టిచ్చే గుర్తు పేరు కీ-67. జర్మనీలోని కీల్ నగరంలో 1983లో దొరికింది కాబట్టి ‘కీ’. ప్రయోగపు పలకలో 67వ గుంటలో ఉంది కాబట్టి 67. అంతకు మించి గూఢార్థం లేదు. మూడు శాతం లోపైతే మొదటి మెట్టు, 3 నుంచి 20 వరకు రెండోది, 20 దాటితే మూడోది. మూడో మెట్టులోనూ కణాలు తమ రూపురేఖలు నిలుపుకుని ఉంటే ఒక లెక్క, రూపం చెడి గుర్తుపట్టలేకుండా ఉంటే వేరే లెక్క. ఆ రూపం చెడినది వృత్తి మరిచిన ఉగ్రజాతి. దానికి కీమోథెరపీతో వెంటనే తలపడాల్సిందే.

‘చాలు’ అనే మాట, దానికి కట్టిన దీపం

విందులో వడ్డించేవాడు వస్తుంటాడు. మీరు విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టి ‘చాలు’ అంటారు. వడ్డన ఆగుతుంది. ఒంట్లోనూ అలాంటి మాట ఒకటి ఉంది: సొమాటోస్టాటిన్. 1973లో అమెరికాలో రోజర్ గియెమాఁ ప్రయోగశాల గొర్రెల మెదళ్ల నుంచి పెరుగుదల హార్మోన్‌ను ఉసికొల్పే పదార్థం కోసం వెతుకుతుంటే, దాన్ని ఆపే పదార్థం దొరికింది. తర్వాత తెలిసింది, అది పెరుగుదల హార్మోన్‌కే కాదు, పేగులోని దండోరాలకూ ‘చాలు’ చెబుతుందని. గియెమాఁకు 1977లో నోబెల్ వచ్చింది.

ఆ మాట వినడానికి నాడీగ్రంథి కణాల పైన చెవులుంటాయి, శాస్త్రంలో గ్రాహకాలంటారు. కణితిగా మారాక కూడా ఆ చెవులు పోవు. పైగా మామూలు కణానికంటే ఎక్కువే ఉంటాయి. అయితే ‘చాలు’ మాటకు ఒక దీపం కట్టి నెత్తురులోకి వదిలితే? చెవులున్న చోటల్లా దీపం అంటుకుంటుంది. 1989లో నెదర్లాండ్స్‌లోని రోటర్‌డామ్‌లో ఎరిక్ క్రెనింగ్ బృందం ఈ పని చేసి చూపింది. ఇప్పటి దీపం గాలియం-68, దాన్ని మోసే మాట పేరు డోటాటేట్.

గాలియం-68 ప్రతి 68 నిమిషాలకు సగమైపోతుంది. నిలవ ఉంచే వీల్లేదు. జెర్మేనియం-68 నింపిన చిన్న పరికరంలో అది ఊరుతూ ఉంటుంది. అవసరమైనప్పుడు అందులోంచి కడిగి తీస్తారు. ఆ పరికరాన్ని న్యూక్లియర్ మెడిసిన్‌వాళ్లు ‘ఆవు’ అంటారు, తీయడాన్ని ‘పితకడం’ అంటారు. మళ్లీ ఊరడానికి కొన్ని గంటలు ఆగాలి. సూదితో ఎక్కించి, దాదాపు గంట తర్వాత పెట్ స్కాన్ తీస్తే మామూలు సీటీకి చిక్కని చిటికెడు గడ్డ కూడా మెరుస్తుంది. ప్లీహం కూడా మెరుస్తుంది, అది సహజమే. ఉగ్రజాతి కణితులకు చెవులు ఊడిపోతాయి కాబట్టి అవి ఈ దీపానికి దొరకవు. అవి ఆబగా చక్కెర తింటాయి. వాటికి చక్కెరకు కట్టిన దీపంతో వేరే స్కాన్ తీస్తారు.

కత్తి, మాట, నిప్పు

గడ్డ ఒక్కచోటే ఉంటే మొదటి మందు కత్తే. అపెండిక్స్‌లో సెంటీమీటరు లోపు గడ్డ అయితే అపెండిక్స్ తీసేసినప్పుడే వైద్యం ముగిసినట్టు. రెండు సెంటీమీటర్లు దాటితే పెద్దపేగు కుడిభాగం కూడా తీయాల్సి వస్తుంది. పురీషనాళంలోని చిన్నవి ఎండోస్కోపీతోనే తీసేస్తారు. కడుపు పొర పలచబడి బి12 లోపించినవాళ్లకు పొట్టలో పుట్టే చిన్నచిన్న గడ్డలను, క్లోమంలో రెండు సెంటీమీటర్ల లోపు మౌన కణితులను కొన్నిసార్లు కోయకుండా కనిపెట్టి చూస్తారు. ‘కణితి ఉందంటూనే ఇంటికి పొమ్మంటారేమిటి’ అని ఇంటిల్లిపాదీ గాభరాపడేది ఇక్కడే. పొమ్మనడం కాదది, మళ్లీ ఫలానా నెలలో రమ్మనడం. ఆ రావడం మానకూడదు.

ఒక జాగ్రత్త. అరిచే సెరటోనిన్ కణితి ఉన్నవాళ్లకు ఏ ఆపరేషన్ చేయాల్సివచ్చినా, పన్ను పీకించుకోవాల్సివచ్చినా, మత్తు ఇచ్చే డాక్టరుకు ముందే చెప్పాలి. ఆ ఒత్తిడికి కణితి మూటలన్నీ ఒక్కసారే విప్పితే రక్తపోటు కుప్పకూలుతుంది.

కణితి పాకిపోయి అన్నిటినీ కోయలేనప్పుడు ‘చాలు’ మాటే మందు. ఒంట్లో పుట్టే సొమాటోస్టాటిన్ రెండు మూడు నిమిషాల్లో కరిగిపోతుంది. 14 పూసల ఆ గొలుసును 8 పూసలకు కుదించి, గట్టిపరిచి ఆక్ట్రియోటైడ్ తయారుచేశారు. ఇప్పుడు నాలుగు వారాలకోసారి పిరుదులో పొడిచే సూదిగా వస్తోంది. దాని తోబుట్టువు లాన్రియోటైడ్. జేవురింపు, విరేచనాలు అణుగుతాయి. దండోరా ఆపడమే కాదు, పెరుగుదలనూ నెమ్మదింపజేస్తుందని 2009లో జర్మన్ వైద్యుల పరీక్ష తేల్చింది: ఉత్తుత్తి సూది వేసినవాళ్లలో కణితి మళ్లీ పెరగడానికి పట్టిన కాలం 6 నెలలు, మందు వేసినవాళ్లలో 14.3 నెలలు. బదులుగా పిత్తాశయంలో రాళ్లు రావచ్చు, మలం జిడ్డుగా పోవచ్చు. పిత్తాశయానికీ ‘చాలు’ వినబడుతుంది కదా!

కాలేయంలో గడ్డలు నిండితే నీటిపారుదల తెలివి పనికొస్తుంది. కాలేయానికి రెండు కాలువలు. దానికి అందే నెత్తురులో ఎక్కువభాగం పేగు నుంచి వచ్చే సిరదే. కణితి తాగేది మాత్రం ధమని నుంచి. ధమని పాయను కట్టేస్తే కణితి ఎండుతుంది, కాలేయం బతుకుతుంది.

ఇక నిప్పు. దీపం కట్టిన మాటకే దీపం బదులు నిప్పురవ్వ కడితే? ఆ రవ్వ లుటీషియం-177. దాని బీటా కిరణాలు కణజాలంలో రెండు మిల్లీమీటర్లకు మించి పోవు. చెవి పట్టుకుని లోపలికి వెళ్లి, లోపలే కాలుస్తుంది. ఎనిమిది వారాలకోసారి, నాలుగు దఫాలు. చిన్నపేగు ప్రాంతపు కణితుల మీద 2017లో వెలువడిన నెట్టర్-1 పరీక్షలో, 20 నెలలకు కణితి అదుపు తప్పకుండా ఉన్నవాళ్లు ఈ మందు తీసుకున్న వర్గంలో 65.2 శాతం, ఆక్ట్రియోటైడ్ ఒక్కటే మోతాదు పెంచి ఇచ్చిన వర్గంలో 10.8 శాతం. దీనికి కావలసిన లుటీషియం ముంబయిలోని ట్రాంబేలో ధ్రువ రియాక్టరులోనూ తయారవుతుంది. భాభా అణు పరిశోధన కేంద్రం సరుకది. మందు ఎక్కించేటప్పుడు కిడ్నీలను కాపాడటానికి పక్కన అమైనో ఆమ్లాల సీసా వేలాడుతుంది. రక్తకణాలు తగ్గుతాయి. కొద్దిమందిలో ఏళ్ల తర్వాత ఎముక మజ్జ దెబ్బతినవచ్చు. కణితికి చెవులు లేకపోతే ఈ నిప్పు దాన్ని చేరదు. అందుకే దీపం వెలగనివాళ్లకు నిప్పు ఇవ్వరు. ముందు కనబడాలి, ఆ తర్వాతే కాల్చాలి. వీటికీ లొంగకపోతే ఎవరోలిమస్, సునిటినిబ్ లాంటి మాత్రలున్నాయి, కీమో ఉంది.

రిపోర్టులో మూడు చోట్లు

ఇంట్లో ఎవరికైనా ఈ కణితి అని తేలితే రిపోర్టుల దొంతర ముందుకొస్తుంది. మూడు చోట్లు వెతకండి. ఏ అవయవంలో పుట్టింది, ఏదైనా వదులుతోందా? కీ-67 ఎంత? డోటాటేట్ స్కాన్‌లో వెలిగిందా? క్యాన్సరా కాదా అన్న ఒక్క ప్రశ్నతో డాక్టరు దగ్గరికి వెళితే అవునన్నా కాదన్నా అరకొర జవాబే దొరుకుతుంది. ఈ మూడూ అడిగితే ఆయన కుర్చీ కాస్త ముందుకు జరుపుకుని, కాగితం తీసుకుని, బొమ్మ గీసి చెప్పడం మొదలుపెడతాడు.